కింద పెట్టకూడని పిల్లవాడు

మన కొచ్కోర్ ఊళ్ళో జూరకాన్ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరైనా చెప్తారు. ఆమె ఇంట్లో ఉందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆరేళ్ళుగా ఆమె పనే అలాంటిది. ఇస్తాంబుల్‌కి కుట్టుపనికి వెళ్ళినవాళ్ళ పిల్లల్ని, ఇక్కడ అవ్వల దగ్గర పెరుగుతున్న ఏడాది రెండేళ్ళ బుడతల్ని చంకనెత్తుకుని, సముద్రం దాటించి, కన్నవాళ్ళ చేతుల్లో పెట్టి వస్తుంది. ఆ పనికి పేరు లేదు. పేరు లేకపోయినా ఊళ్ళో చాలామంది ఉద్యోగాలకంటే దానికే ఎక్కువ గౌరవం. మనలాంటి వాళ్ళం సొంత బిడ్డతో రాజధాని బిష్కెక్ దాకా మినీబస్సులో మూడు గంటలు కూర్చుని, దిగేసరికి దేవుడా అనుకుంటాం. ఆవిడ ఎవరి పిల్లలనో ఒళ్ళో పెట్టుకుని ఆకాశంలో కూర్చుంటుంది.

అంతకుముందు ఇరవై మూడేళ్ళు ఊరి బాలవాడిలో ఆయాగా చేసింది. ఆ బాలవాడి మూతపడ్డాక తన సొంత పద్ధతులతో ఈ పనిలోకి దిగింది. విమానం లేచేటప్పుడు చెవులు పట్టేసి పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తారు కదా, అప్పుడు పెరుగు ఎండబెట్టి చేసిన కురుత్ ఉండని పలచటి గుడ్డలో మూటగట్టి నోట్లో పెడుతుంది. ఆ పులుపుకి మొహం చిట్లించి చప్పరించడంలో పడి పిల్ల చెవుల సంగతి మర్చిపోతుంది. ప్రయాణానికి ముందు రోజు అవ్వనో తాతనో కూర్చోబెట్టి ఆ బిడ్డ ఏడు తరాల పెద్దల పేర్లూ అడిగి కంఠస్థం చేస్తుంది. బిడ్డ బెంబేలెత్తిపోతే ఆ పేర్లే వరసగా చెవిలో చెప్తుంది. "పాటలు ఎవరైనా పాడతారు. వీడి పేర్లు వీడివి," అంటుంది. ఆశ్చర్యం ఏమిటంటే పిల్లలు నిజంగానే ఊరుకుంటారు. ఎందుకు ఊరుకుంటారో జూరకాన్‌కీ తెలియదు, కానీ ప్రతిసారీ ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకుంటాయట.

ఊరంతా ఆమెని ఎజే అంటుంది, పెద్ద వయసు ఆడవాళ్ళని మన దగ్గర అలాగే పిలుస్తారు. ఈ ఏప్రిల్‌లో మొగుడితో కుట్టుపనికి వెళ్ళిన కాలిపా కూడా ఇస్తాంబుల్ నుంచి ఫోన్‌లో అలాగే పిలిచింది.

"ఎజే, మా తైలక్‌గాడు ఇంకా నడవలేదుగా?"

"నీ అత్త నడవనిస్తేగా! పొద్దస్తమానం వీపున కట్టుకునే తిరుగుతోంది. గొర్రెల దగ్గరికెళ్ళినా వాడు వీపు మీదే."

"నేనే చెప్పాను. వినండెజే. వాడి మొదటి పన్ను ఫోన్లో చూశా. మొదటి మాట ఫోన్లో విన్నా, అదీ నన్ను చూసి కాదు, గుర్రాన్ని చూసి 'అతా' అన్నాడు. గుర్రం నాన్నట! వాళ్ళ నాన్న ఇప్పటికీ ఉడుక్కుంటున్నాడు. నడక మాత్రం నేను ఫోన్లో చూడను. వాడి మొదటి అడుగు నా ముందు పడాలి. తాడు నా ముందు తెగాలి."

తాడంటే మరేమీ కాదు. నడకకి సిద్ధమైన బిడ్డ రెండు కాళ్ళకీ నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి పేనిన దారం వదులుగా కడతారు. దూరం నుంచి అందరూ పరుగు పందెం వేసుకుని వస్తారు. ముందొచ్చినవాళ్ళు ఆ దారాన్ని కోస్తారు. గుర్రం కాళ్ళ బంధం విప్పినట్టు బిడ్డ అక్కడి నుంచి బయల్దేరుతుంది. చాలామంది నడక వచ్చాక తీరిగ్గా చేస్తారు. కాలిపాకి ఆ తీరిక పనికిరాదు. అయిదు నెలల పసికందుగా వదిలివెళ్ళిన కొడుకు, ఇప్పుడు పదమూడు నెలలవాడు. మధ్యలో పోయిన ఎనిమిది నెలలకి ఆవిడ అడిగింది ఒక్క అడుగు.

"వాడి కాలు నేలకి తగలనివ్వను. నాది పూచీ," అంది జూరకాన్.

అలా మాటివ్వడానికి ఆమెకి ఒక కారణం ఉంది. బాలవాడిలో ఆమె ఎవరెవరి పిల్లలకో చెయ్యి పట్టి నడక నేర్పుతున్న రోజుల్లో, ఆమె సొంత కూతురు పొరుగింటి వాకిట్లో మొదటి అడుగు వేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పొరుగావిడ పిండి జల్లెడ పడుతూ, "ఇవాళ నీ కూతురు నడిచిందే, భలే నడిచింది!" అని సంబరంగా చెప్పింది. జూరకాన్ కూడా నవ్వింది. ఆ తర్వాత నెల రోజులు పొరుగావిడతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడట్లేదో ఆ పిచ్చిదానికి తెలియనే తెలియదు. కొడుకు విషయంలోనూ అదే జరిగింది. ఎంతమంది పిల్లలనో నడిపించిన మనిషి, తన ఇద్దరిదీ చూడలేదు.

బయల్దేరే రోజు బూబుష్, అంటే కాలిపా అత్త, రొట్టె తెచ్చి మనవడి నోటి దగ్గర పెట్టింది. వెళ్ళేవాళ్ళు కొరికిన రొట్టెని గోడకి తగిలిస్తే తిరిగొచ్చి మిగతాది తింటారని మన నమ్మకం. తైలక్‌కి ఉన్నవి నాలుగు పళ్ళు. కొరకలేదు సరికదా, రొట్టె అంతా చొంగ చేశాడు. "చాల్లే, చొంగైనా వాడిదేగా," అని బూబుష్ దాన్నే తగిలించింది. ప్రయాణమప్పుడు ఏడిస్తే మంచిది కాదు కాబట్టి ఏడవకుండా, మినీబస్సు డ్రైవర్ మీద పడింది. "ఏం చూస్తున్నావురా అలాగ? తలుపు తియ్! చలిగాలికి పిల్లాడు గడ్డకట్టాలా?" బస్సు మలుపు తిరిగేదాకా అతన్ని తిడుతూనే ఉంది.

విమానంలో పక్క సీట్లో మేడెర్ అనే తివాచీల వ్యాపారి కూర్చున్నాడు. ఎడతెగని నోరు. తైలక్ జూరకాన్ తొడల మీద నిలబడి, రెండు చేతులతో ఆమె తలగుడ్డ పట్టుకుని, కిందికీ పైకీ ఒకటే తొక్కుడు. పదకొండు కిలోల పిల్లాడు. కాళ్ళలో ఏదో పుడుతున్నట్టు, అది బయటికి రావాల్సిందేనన్నట్టు.

"ఎజే, కాస్త కింద దింపండి. మీ తొడలు తొక్కి పిండి చేస్తున్నాడు."

"నీ పని చూసుకో అబ్బాయ్. మాటిచ్చాను."

"ఎవరికి, వీడికా?"

"వాళ్ళమ్మకి."

"వాళ్ళమ్మ ఇక్కడ లేదుగా!"

"లేదు కాబట్టేగా మాటిచ్చింది. ఉంటే ఆవిడే ఎత్తుకునేది."

మేడెర్ సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. "అయితే నేనూ ఓ చెయ్యి వేస్తా," అని తైలక్‌ని తీసుకుని తన బొజ్జ మీద నిలబెట్టుకున్నాడు. తైలక్ ఆ బొజ్జని కూడా తొక్కాడు. ముందు సీటు ఆవిడ నవ్వలేక చచ్చింది.

మామూలుగా అయితే మధ్యాహ్నానికి ఇస్తాంబుల్‌లో ఉండాలి. అక్కడ గాలివాన పట్టుకుందని విమానాన్ని కాస్పియన్ సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో దింపేశారు. ఎప్పుడు లేస్తుందో తెలియదు. విమానాశ్రయం మేడమీద పొడుగాటి హాలు, ఒక పక్కంతా అద్దం. ఆ అద్దం అవతల ఇసకనేల, ఆ పైన సముద్రం. జూరకాన్ ఆరేళ్ళుగా దాన్ని దాటుతోంది కానీ ఎప్పుడూ మబ్బుల మీద నుంచే. ఇలా ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఇస్సిక్-కుల్ చూసి పెరిగిన మనిషి, నీళ్ళు ఆమెకి కొత్త కాదు. కానీ ఆ సరస్సుకి అవతలి ఒడ్డున కొండలుంటాయి. దీనికి ఏమీ లేదు. నీళ్ళు అలా వెళ్ళి వెళ్ళి ఆకాశంలో కలిసిపోయాయి. ఇన్నిసార్లు పిల్లల్ని దీని మీదుగానా తీసుకెళ్ళాను అనుకునేసరికి, భయమో భక్తో తెలియని దడ పుట్టి, తైలక్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నాలుగు గంటలు ఎత్తుకునే తిరిగింది. ఎడమ చంక నుంచి కుడి చంకకి, కుడి నుంచి భుజానికి, భుజం నుంచి మేడెర్ బొజ్జకి. చేతులు తిమ్మిరెక్కాయి. పిల్లాడు నేలని చూస్తూ కిందకి వాలిపోవడం, ఆమె పైకి లాక్కోవడం. ఏడు తరాల పేర్లూ అయిదుసార్లు చెప్పింది. ఎవరి బిడ్డలో హాలంతా పరుగులు పెడుతుంటే, వాడు వాళ్ళ కాళ్ళనే కన్నార్పకుండా చూశాడు.

అంతలో తమవి కాని పిల్లలతో ప్రయాణించే వాళ్ళు కన్నవాళ్ళ అనుమతి కాగితాలు చూపించాలని పిలిచారు. మేడెర్ టీ కోసం వెళ్ళి ఉన్నాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి నకలు చూసి, అసలు కావాలంది. అసలు కాగితం కోటు లోపల, చొక్కా లోపల, మెడకి కట్టుకున్న సంచిలో ఉంది. దానికి రెండు చేతులూ కావాలి.

"ఒక్క చేత్తో రాదమ్మా. ఈ పిల్లాణ్ణి కాస్త పట్టుకుంటావా?"

"నేను పట్టుకోకూడదండీ. రూల్ ఒప్పుకోదు. కింద దింపండి, ఏం కాదు."

ఏం కాదట. జూరకాన్ తైలక్‌ని తన రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టి, అడుగు పడకుండా గట్టిగా బిగించి, సంచి ముడి విప్పడం మొదలుపెట్టింది. మూడు ముళ్ళు. బయల్దేరేటప్పుడు తనే జాగ్రత్తకి వేసుకుంది. రెండు ఊడొచ్చాయి, మూడోది పళ్ళతో పీకాల్సి వచ్చింది. కాగితం ఆ అమ్మాయి చేతిలో పెట్టేసరికి మోకాళ్ళ మధ్య వెచ్చదనం లేదు.

వెనక్కి తిరిగింది.

వాడు నడుస్తున్నాడు. అద్దం వైపు, ఆ నీళ్ళ వైపు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పార్చి, కాళ్ళు ఎడంగా పెట్టి. ఒక్కో అడుగు వేసే ముందు ఆగి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊగి, ఊగిసలాట తగ్గాక మోకాలు ఎత్తి, లేని గడప దాటుతున్నట్టు ఎత్తుగా ఎత్తి, చప్పుడయ్యేలా కింద వేస్తున్నాడు. ఆమె చూసేసరికి మూడు పడ్డాయి. నాలుగో అడుగు దగ్గరే పట్టుకోవచ్చు. రెండు అంగలేస్తే అందుతాడు. ఇచ్చిన మాట పూర్తిగా కాకపోయినా కొంతైనా దక్కుతుంది. ఆ సంగతి ఆమెకి అప్పుడు స్పష్టంగా తెలుసు. తర్వాత తనని తాను ఏ వంకతోనూ వదిలిపెట్టుకోలేదు. తెలిసీ కదలలేదు.

కదల్లేకపోయింది. ఇరవై మూడేళ్ళు బాలవాడిలో చెయ్యి పట్టి నడిపించిందే తప్ప, ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ రమ్మనకుండా, ఒక ప్రాణి తనంతట తను లేచి లోకంలోకి నడిచివెళ్ళడం ఆమె ఎన్నడూ చూడలేదు. నిన్నటిదాకా ఎత్తుకుంటే తప్ప ఎక్కడికీ పోలేనివాడు. వీడికి ఎవరు చెప్పారు ఇలా చెయ్యాలని? బెంచీల మీద వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మాటలు ఆపేశారు. వాళ్ళది ఏ దేశమో, ఏ భాషో. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు, పెద్దమనిషెవరో వస్తే లేచినట్టు.

తొమ్మిది అడుగులు. తొమ్మిదో అడుగుకి అద్దం తగిలింది. తైలక్ దానికి రెండు అరచేతులూ ఆనించి సముద్రాన్ని చూశాడు. అద్దంలో తన మొహం కనబడి పకపకా నవ్వి, అక్కడే చతికిలబడ్డాడు. హాలంతా చప్పట్లు. జూరకాన్ వెళ్ళి ఎత్తుకుంది. అప్పుడు మాత్రం ఏడ్చింది, సంతోషంతోనూ, సిగ్గుతోనూ.

టీ గ్లాసులతో వచ్చిన మేడెర్ విషయం తెలిసి పెదవి విరిచాడు. "పోనీలెండి ఎజే. ఇక్కడ మనవాళ్ళెవరు చూశారని? మీరు చెప్పకపోతే అక్కడ వేసేదే మొదటి అడుగు అవుతుంది. ఆ పిల్ల సంతోషపడుతుంది. ఎవరికి నష్టం?"

"అవును," అంది జూరకాన్. మిగతా దారంతా ఆ "అవును"నే పట్టుకుని కూర్చుంది. వాన తగ్గి విమానం లేచింది, కింద ఆ నీళ్ళు ఎండలో మెరుస్తూ ఎంతసేపటికీ తరగలేదు.

కాలిపా విమానాశ్రయం బయట నిలబడి ఉంది. సన్నగా అయిపోయింది. కొడుకుని లాక్కోలేదు, చెయ్యి కూడా చాపలేదు. చాపితే వాడు జూరకాన్ మెడలో మొహం దాచుకుంటాడని ముందే తెలిసినట్టు, రెండడుగుల దూరంలోనే ఆగిపోయి, పెదవులు బిగబట్టి చూసింది. వాడు దాచుకోనే దాచుకున్నాడు.

"తొందరపడకు తల్లీ," అంది జూరకాన్. "ఒక పూట. వాడికి నీ వాసన పట్టాలి."

కుంకాపి పేటలో కాలిపా వాళ్ళు పనిచేసే కుట్టుగదిలో మర్నాడు సెలవు. ఉదయాన్నే మిషన్లన్నీ గోడకి జరిపారు. బల్ల మీద నూనెలో వేయించిన బూర్సోక్ ఉండలు, పలావు, బూబుష్ పంపిన వెన్న. మన ఆడవాళ్ళు పదకొండు మంది, వాళ్ళ మధ్య తైలక్ తండ్రి తురాత్ ఒక్కడూ ఏం చెయ్యాలో తెలియక పలావు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. రాత్రి అతను కొడుకు ముందు గుర్రంలా నాలుగు కాళ్ళ మీద పాకి, "ఇప్పుడను, అతా అను," అని బతిమాలాడట. కాలిపా పక్కనే పడుకుందట. తెల్లారేసరికి వాడు ఆమె జడ పిడికిట బిగించి నిద్రపోతున్నాడు. ఇప్పుడు ఆమె ఒళ్ళోనే కూర్చున్నాడు, జడ ఇంకా వదల్లేదు.

కాళ్ళకి దారం కట్టేశారు. పరిగెత్తేవాళ్ళు నడవా అవతలి చివర వరసగా నిలబడి, చెప్పులు విప్పి, ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు.

"గుల్‌సున్‌ని గెలవనివ్వకండే! అది కోస్తే పిల్లాడికి దాని నడకే వస్తుంది. పెళ్ళినాటికి పెళ్ళికూతురింటికి చేరడు!"

"నువ్వు కోస్తే నీ నోరొస్తుంది. దానికంటే నత్తనడకే నయం!"

కాలిపా కూడా నవ్వుతోంది. కత్తెర పళ్ళెంలో పెడుతూ, జూరకాన్ వైపు తిరిగి, ఊరికే, సంబరం కొద్దీ అడిగింది.

"దారిలో ఎక్కడా నడవలేదుగా ఎజే? వీడి మొదటి అడుగు నాదే కదూ?"

నీదే అనడానికి ఒక్క క్షణం చాలు. మేడెర్ చెప్పినట్టు ఎవరికీ నష్టం లేదు. జూరకాన్ నోరు తెరిచింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి ఆ సాయంత్రం పొరుగావిడ చెప్పకుండా దాచి ఉంటే, తను ఇంకో రెండు రోజులకి కూతురు నడవడం చూసి, అదే మొదటిదనుకుని మురిసిపోయి ఉండేది. అలా మురిసి ఉంటే బాగుండేదా? బాగుండేదేమో. కానీ తన బిడ్డ సంగతి తనకంటే పొరుగావిడకే ఎక్కువ తెలిసి, అది ఎప్పటికీ ఆవిడ దగ్గరే ఉండిపోయేది.

"కాదు తల్లీ," అంది. "నడిచాడు. నిన్న, సముద్రం పక్కన. కాగితం తియ్యడానికి దింపాను. చూసి కూడా పట్టుకోలేదు. పట్టుకోవచ్చు, కాళ్ళు రాలేదు. అంత బాగా నడిచాడు. మాట తప్పాను."

నడవా చివర అల్లరి సద్దుమణిగింది. గరిటె పట్టుకున్న తురాత్ తల దించుకున్నాడు. కాలిపా కొడుకు కాళ్ళ దారాన్ని వేళ్ళతో అటూ ఇటూ తిప్పింది. తిట్టినా బాగుండునని జూరకాన్‌కి అనిపించింది.

"ఎన్ని అడుగులు?" అంది చివరికి.

"తొమ్మిది."

"మీరు రమ్మన్నారా?"

"ఎవరూ పిలవలా. తనే వెళ్ళాడు."

"పడ్డాడా?"

"పడలా. చివర కూర్చున్నాడు. నవ్వాడు."

కాలిపా కళ్ళు తుడుచుకుంది. కొడుకుని తీసుకెళ్ళి తండ్రి చేతికిచ్చింది.

"చూపించండి."

"ఏం చూపించను?"

"వాడెలా నడిచాడో. నడిచి చూపించండి ఎజే. నేను చూడాలి."

జూరకాన్ ఆమె మొహంలోకి చూసింది. వెటకారం లేదు, కోపం కూడా లేదు. బూట్లు విప్పి, మేజోళ్ళతో గది మధ్యకి వెళ్ళింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, లావుపాటి మనిషి, మనవలున్న మనిషి. రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పార్చింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. అటూ ఇటూ ఊగింది. ఊగడం ఆగాక మోకాలు ఎత్తుగా ఎత్తి, చప్పుడయ్యేలా కింద వేసింది. ఒకటి. మళ్ళీ ఊగింది. రెండు. ఎవరూ నవ్వలేదు. అయిదో అడుగు దగ్గర తైలక్ ఎలా వాలాడో అలాగే కుడి పక్కకి వాలి, గాలిని పట్టుకుని నిలదొక్కుకుంది. ఆమె కళ్ళు పెద్దవై, నోరు కొంచెం తెరుచుకుని, మొహం పసిదైపోయింది. అది ఆడుతున్నట్టు లేదు. ఆ హాల్లో చూసిన ఆశ్చర్యమంతా ఆమె ఒంట్లోకి తిరిగొచ్చింది. తండ్రి చేతుల్లోంచి తైలక్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

ఏడు. ఎనిమిది.

అంతలో కాలిపా గబగబా ఎదురెళ్ళి, నిన్న తైలక్‌కి అద్దం అడ్డొచ్చినంత దూరంలో మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు రెండూ చాపింది.

"రా నాన్నా," అంది. "రా, అమ్మ దగ్గరికి రా."

జూరకాన్ తొమ్మిదో అడుగు వేసి ఆ చేతుల్లోకి వెళ్ళింది.